వియన్నాలో బాలనాగమ్మ సెలవురోజు

సింగపూర్‌లోని పాసిర్ రిస్‌లో మేముండే బ్లాకులో ఎనిమిదో అంతస్తులో కౌశిక్, నిఖిల అనే దంపతులున్నారు. ఇద్దరివీ బ్యాంకు ఉద్యోగాలు. పదేళ్ళ కూతురు సహస్ర. కౌశిక్ తల్లి వసుంధర గారు కూడా వాళ్ళ దగ్గరే ఉంటారు. ఆ ఇంట్లో వంటా, ఇంటిపనీ, వసుంధర గారి మంచిచెడ్డలూ చూసే మనిషి బాలనాగమ్మ. ఇది ఆమె సంగతి. కొంత ఆమె చెప్పింది, కొంత వసుంధర గారు చెప్పారు. ఇద్దరి మాటా కలవని చోట నేను బాలనాగమ్మ చెప్పిందే తీసుకున్నాను. జరిగినదానికి నాలుగు చేర్చి చెప్పే అలవాటు ఆమెకు లేదు.

ఆమెది పశ్చిమ గోదావరిలో ఆచంట దగ్గర పల్లె. వయసు నలభై ఏడు. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే చూపు పక్కకు తిప్పదు. ఇరవై నాలుగేళ్ళప్పుడు భర్త పోతే, చంటిపిల్లను అక్క చేతిలో పెట్టి కువైట్ వెళ్ళింది. అక్కడ ఒకే ఇంట్లో పదకొండేళ్ళు చేసింది. నలుగురు పిల్లల్ని పెంచింది. ఆ ఇంటి ముసలావిడకు ఒళ్ళు పట్టింది, తల దువ్వింది, ఆవిడ చెప్పే కబుర్లన్నీ వింది. అలా వినీ వినీ అరబ్బీ వచ్చేసింది. అక్షరం ఒక్కటీ రాదు, మాట మాత్రం ఆ ఇంటి పిల్లలతో సమానంగా వచ్చు.

"మంచోళ్ళేనండి, ఒక్క దెబ్బ కొట్టలేదు, తిండికాడ లోటు చెయ్యలేదు. కానీ గుమ్మం దాటి ఒక్కదాన్నీ ఎల్లకూడదు. పదకొండేళ్ళూ ఆ ఊరు కారు అద్దంలోంచి చూడ్డవే. సముద్రం పక్కనే ఉందంట. నేను చూళ్ళేదు" అంటుంది.

ఏడేళ్ళ క్రితం సింగపూర్ వచ్చినప్పుడు, ఇక్కడ వారానికో రోజు సెలవుంటుందని కౌశిక్ చెబితే, మొదటి ఆదివారమే పాసిర్ రిస్‌లో రైలెక్కింది. దాదాపు ఊరి అవతలి కొస దాకా పోయి, మరో రైలు మారి, బుకిట్ బటోక్‌లో దిగింది. అక్కడ తెలిసినవాళ్ళెవరూ లేరు. హాకర్ సెంటర్ అనే తిండిశాలలో కూర్చుని టీ తాగి, సాయంత్రానికి ఇల్లు చేరింది. ఎందుకు వెళ్ళావని వసుంధర గారు అడిగితే, "ఎల్లొచ్చో లేదో చూద్దావని ఎల్లానండి" అంది.

పోయిన సెప్టెంబరులో ఒకరోజు రాత్రి భోజనాల దగ్గర నిఖిల, డిసెంబరు స్కూలు సెలవుల్లో వియన్నా వెళ్దామని చెప్పింది. చలికాలపు సంతలు, పాత కోటలు, పెద్ద చర్చి, గుర్రపు బళ్ళు.

"స్నో ఉంటదా? కన్ఫర్మ్ ఆ? నో స్నో మీన్స్ ఐ డోంట్ వాంట్ లా" అంది సహస్ర, సింగపూర్ పిల్లల యాసలో.

వసుంధర గారిని ఒంటరిగా వదిలి వెళ్ళలేరు. ఏడాది క్రితమే మోకాలి ఆపరేషన్ అయింది, చేతికర్రతో నడుస్తారు. కాబట్టి ఆవిడా రావాలి, ఆవిడతో బాలనాగమ్మా రావాలి. వీసాకు ఆమె ఇష్టపడి వస్తున్నట్టు సంతకం కావాలి. కౌశిక్ కాగితం తెచ్చి ముందు పెట్టాడు.

బాలనాగమ్మ పెన్ను తీసుకోలేదు. "ఆ ఊళ్ళో ఆదివారం ఉంటదాండి?" అని అడిగింది.

అందరూ నవ్వారు. "ఆదివారం లేని ఊరెక్కడుంటుంది నాగమ్మగారూ?" అన్నాడు కౌశిక్.

"అది కాదండి. నా ఆదివారం."

అప్పుడతనికి అర్థమైంది. ఉంటుందన్నాడు. ఆ ముక్క కూడా కాగితం కింద రాయమంది. రాశాడు. వీసా కౌంటరులో అమ్మాయి, అక్కడ నువ్వు పనిమనిషివా, టూరిస్టువా అని అడిగితే, "ఆరు రోజులు పని. ఒక రోజు టూరిస్టు" అని ఇంగ్లీషులోనే జవాబు చెప్పిందట.

వియన్నాలో వాళ్ళు దిగింది నగరం నడిబొడ్డున, పాత కట్టడంలో మూడో అంతస్తు. వెళ్ళిన మర్నాడే అందరూ కలిసి పెద్ద చర్చి చూడ్డానికి బయలుదేరారు. చలి సున్నాకు కింద ఉంది. రాళ్ళు పరిచిన వీధులు, రాళ్ళ మీద కంటికి కనిపించని మంచు పొర. చర్చి ఇంకా వంద అడుగులుందనగా వసుంధర గారి కర్ర జారింది. కౌశిక్ పట్టుకున్నాడు కాబట్టి పడలేదు. కానీ అతను హడలిపోయాడు. అక్కణ్ణించే తల్లిని వెనక్కి తీసుకొచ్చేశాడు.

"నువ్వు రెస్ట్ తీసుకో అమ్మా. ఫోటోలన్నీ తీసి చూపిస్తాం కదా" అన్నాడు.

శుక్రవారం వాళ్ళు ముగ్గురూ కోటకు వెళ్ళారు. శనివారం మ్యూజియానికి వెళ్ళారు. వసుంధర గారు కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని ఎదుటింటి గోడ చూశారు. ఏలూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై రెండేళ్ళు పనిచేసిన మనిషి. ఎప్పుడూ నలుగురి గొంతుల మధ్య ఉన్నావిడ.

"ఈ కిటికీ చూడ్డానికా నాగమ్మా ఇంత దూరం విమానంలో కూచున్నది?" అన్నారు.

బాలనాగమ్మ కోటు వేసుకుంది. కిందికి వెళ్ళి పాలు తెచ్చే వంకన ఓ గంట తిరిగింది. ఆ మంచు మీద అందరూ భయంభయంగా అడుగులు వేస్తుంటే, ఉత్తరాలు పంచే ఆవిడొకతె చకచకా నడిచిపోవడం ఆమె కంటపడింది. కాళ్ళ వంక చూసింది. బూట్లకు అడుగున ఇనుప ముళ్ళున్న రబ్బరు తొడుగులున్నాయి. ఆవిణ్ణి ఆపి, బూట్లు చూపించి, చేతులు తిప్పి, ఎక్కడ దొరుకుతాయని సైగ చేసింది. ఆవిడ రెండు వీధుల అవతల ఇనప సామాను కొట్టు దాకా వచ్చి మరీ చూపించింది. బాలనాగమ్మ రెండు జతలు కొంది.

తిరిగి వచ్చి వసుంధర గారికి ఒక జత తొడిగి, ఇంటి లోపలి పెరట్లో గడ్డకట్టిన నేల మీద పది చుట్లు తిప్పింది. మొదటి చుట్టు చెయ్యి పట్టుకుంది. మూడో చుట్టుకి వదిలేసింది. పదో చుట్టుకి వసుంధర గారు కర్ర చంకలో పెట్టుకుని నడుస్తున్నారు.

ఆ సాయంత్రం కౌశిక్ ఇంటికి వస్తూనే, మర్నాడు పొద్దున్నే రైలుకి కొండల మధ్య సరస్సు ఒడ్డునున్న హాల్‌స్టాట్ అనే ఊరికి టిక్కెట్లు తీసుకున్నానని చెప్పాడు. "నాగమ్మగారూ, మేం వచ్చేసరికి రాత్రవుతుంది. అమ్మకి ఇడ్లీపిండి ఉందిగా?"

"రేపు ఆదివారవండి" అంది బాలనాగమ్మ.

కౌశిక్ నాలుక కరుచుకున్నాడు. "అయ్యో, మర్చేపోయాను. సోమవారం తీసుకోండి. ఏముంది, ఒక్క రోజేగా."

"సోమవారం కాదండి. ఆదివారవే అనుకున్నాం. పాసిర్ రిస్‌లో కాగితం మీద రాశారు కూడాను."

గొంతు పెంచలేదు. పళ్ళాలు తుడుస్తూనే చెప్పింది. నిఖిలే ముందు తేరుకుంది. "ఆవిడన్నది కరెక్టే కౌశిక్. మనమే చూసుకోలేదు. టిక్కెట్లు వదిలేద్దాం."

"ఎందుకు వదిలెయ్యడం? మీరు ముగ్గురూ వెళ్ళండి. నేను నాగమ్మతో ఊరు చూస్తాను" అన్నారు వసుంధర గారు.

"అమ్మా! జారి పడితే?"

ఆవిడ లేచి వెళ్ళి ముళ్ళ తొడుగులు తెచ్చి టేబుల్ మీద పెట్టారు. కౌశిక్ వాటిని తిప్పి చూశాడు. తలెత్తి బాలనాగమ్మ వైపు చూశాడు.

"పెద్దమ్మగారు వత్తానంటే నాకిష్టవేనండి. కానీ అది పని కాదు. నేను చూడాలనుకున్నయ్యి చూత్తాను, ఆవిడగారు నాతో వత్తారు. మధ్యలో ఫోను చేసి ఇంటికెల్లిపొండంటే కుదరదండి."

"నాకు సమ్మతమే" అన్నారు వసుంధర గారు, కొడుకు నోరు తెరిచేలోపే.

ఆదివారం తొమ్మిదింటికి ఇద్దరూ బయలుదేరారు. బాలనాగమ్మ పంజాబీ డ్రెస్సు మీద కోటు, దాని మీద నిఖిల ఇచ్చిన ఎర్ర శాలువా. వసుంధర గారు చీర కింద ఉన్ని ప్యాంటు, పైన పొడుగు కోటు. ముందు చర్చికి వెళ్ళారు. దాని కప్పు మీద రంగురంగుల పెంకులు చేపపొలుసుల్లా మెరుస్తున్నాయి. లోపల ప్రార్థన జరుగుతోంది. వెనక బెంచీ మీద కూర్చున్నారు. ఆర్గన్ మోగడం మొదలయ్యేసరికి కాళ్ళ కింద రాయి కూడా అదిరినట్టయింది. వసుంధర గారు కళ్ళు మూసుకుని అది ఆగేదాకా కదల్లేదు.

బయటికి రాగానే గుర్రపు బండి. అది టూరిస్టుల్ని దోచే యవ్వారమని కౌశిక్ ముందే కొట్టిపారేశాడు. వసుంధర గారు బండి వైపు చూసి ఊరుకున్నారు. బాలనాగమ్మ ఆగింది.

"ఎక్కాలనుందాండి?"

"మావాడు..."

"బాబుగారు వేరే ఊరెల్లారండి. మీరెక్కండి."

బండివాడు మోకాళ్ళ మీద దుప్పటి కప్పాడు. గుర్రాల ముక్కుల్లోంచి పొగ వస్తోంది. సన్నటి సందుల్లోంచి, కోట గుమ్మం కిందుగా డెక్కల చప్పుడు చేసుకుంటూ బండి వెళ్తుంటే, వసుంధర గారు కనపడిన ప్రతివాళ్ళకీ చెయ్యి ఊపారట. ఈ చెయ్యి ఊపిన సంగతి ఆవిడ నాతో చెప్పలేదు.

తర్వాత ఒక పాత కాఫీ హోటలుకి వెళ్ళారు. ఎత్తయిన కప్పు, పాలరాతి బల్లలు, నల్లకోటు వేసుకున్న పెద్దమనిషి వెండి పళ్ళెంలో కాఫీ, పక్కనే గ్లాసు నీళ్ళు పెట్టి వెళ్ళాడు. కేకు కూడా వచ్చింది. సగం తిన్నాక వసుంధర గారు చెంచా ఆపేశారు.

"నాగమ్మా, ఏడేళ్ళయింది నువ్వు మా ఇంటికొచ్చి. మనిద్దరం ఒక బల్ల దగ్గర కూచుని తినడం ఇదే మొదలు."

"ఆయ్, అవునండి" అంది బాలనాగమ్మ. "కేకు ఆరిపోద్ది, తినండి."

ఆవిడ మళ్ళీ చెంచా తీసుకున్నారు. కానీ ఆ ఆలోచన ఆవిణ్ణి చాలాసేపు వదల్లేదని నాతో అన్నారు.

వాళ్ళుంటున్న ఇంట్లో టూరిస్టుల కోసం పెట్టిన చిన్న పుస్తకమొకటి ఉంది. ట్రామ్ ఎక్కితే పాత ఊరి చుట్టూ తిప్పి ఎక్కినచోటే దింపుతుందని అందులో ఉంది. అది ఎన్నేళ్ళ కిందటి పుస్తకమో వాళ్ళకేం తెలుసు. మధ్యాహ్నం పార్లమెంటు ముందు రెండో నంబరు ట్రామ్ ఎక్కారు. జంట మ్యూజియాలు, ఒపెరా, ఆకులు రాలిన పెద్ద పార్కు కిటికీలోంచి ఒక్కొక్కటే వెనక్కి వెళ్ళాయి. లోపల వెచ్చగా ఉండడంతో వసుంధర గారికి కునుకు పట్టింది. ట్రామ్ ఒక వంతెన దాటింది. చుట్టూ తిరిగే బండి వంతెన దాటదని బాలనాగమ్మకు తెలిసిపోయింది. అయినా లేవలేదు. ఊరి ఇవతలి మొహం చూశాం, అవతలి మొహం కూడా చూద్దామనుకుంది. చివరి స్టాపులో పెద్దమ్మగారిని లేపి దింపింది.

అక్కడ కోటలూ లేవు, గోపురాలూ లేవు. మామూలు మనుషులుండే పెద్ద పెద్ద ఇళ్ళు, బాల్కనీల్లో సైకిళ్ళు, ఆరేసిన బట్టలు. "మన బ్లాకుల్లాగే ఉన్నాయే!" అన్నారు వసుంధర గారు. కాసేపు అటూ ఇటూ నడిచారు. నాలుగు దాటేసరికి చీకటి పడిపోయింది. మంచు కురవడం మొదలైంది. తిరిగి స్టాపుకి వస్తే ట్రామ్ లేదు. దారిలో ఎక్కడో ఒక కారు పట్టాల మీద జారి ఇరుక్కుపోయిందని అక్కడున్న కుర్రపిల్ల ఇంగ్లీషులో చెప్పింది. ఎంతసేపు పడుతుందో తెలియదంది.

బాలనాగమ్మ ఫోను తీసింది. వెలగలేదు. పొద్దున నిండా ఛార్జింగ్ పెట్టినదే, చలికి ఆరిపోయింది. వసుంధర గారి ఫోను ఇంట్లోనే ఉండిపోయింది. ఆవిడ పెదాలు వణుకుతున్నాయి.

"ఇప్పుడేం చేద్దామే?"

"ముందు వెచ్చగా కూచుందావండి."

రోడ్డుకి అవతల దీపాలు వెలుగుతున్న ఒక కొట్టుంది. అద్దం వెనక నిలువు చువ్వకు గుచ్చిన మాంసం తిరుగుతోంది. తలుపు దగ్గరికి వెళ్ళేసరికి, లోపల ఒకాయన వంటగదిలోకి కేక వేస్తున్నాడు. ఆ కేక బాలనాగమ్మకు అర్థమైంది. ఉల్లిపాయలు అయిపోయాయంటున్నాడు.

తలుపు తోసుకుని వెళ్ళింది. "సలాం అలైకుం. షలోనక్?"

ఎలా ఉన్నావని అడిగిందంతే. కానీ అతని చేతిలో కత్తి అలాగే ఆగిపోయింది. బొట్టు పెట్టుకున్న ఒక ఆడమనిషి, తల మీద మంచుతో వచ్చి, కువైట్ ఇళ్ళలో మాట్లాడే అరబ్బీలో పలకరిస్తోంది.

"నువ్వు గల్ఫ్ మనిషివా?" అన్నాడు అరబ్బీలోనే.

"కాదు, ఇండియా. ఇప్పుడుండేది సింగపూర్. అదంతా తర్వాత చెబుతాను. ముందు ఈ పెద్దావిడకు హీటరు దగ్గర కుర్చీ వెయ్యి. వేడిగా చాయ్ ఇవ్వు. మాంసం వద్దు, ఆవిడ తినదు. ఈ ఫోను ఛార్జింగ్‌లో పెట్టు."

అతను ఒక్క మాట ఎదురు చెప్పకుండా మూడు పనులూ చేశాడు. లోపల్నించి అతని భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అతని పేరు ఖలీల్, ఆమె పేరు హనాన్. సిరియాలో దేర్ అజ్జోర్ నుంచి ఎనిమిదేళ్ళ క్రితం వచ్చారు. వాళ్ళ ఊరి మాటకీ కువైట్ మాటకీ దగ్గర పోలికలున్నాయట. షలోనక్ అన్న పలకరింపు కూడా ఒకటే. హనాన్ బాలనాగమ్మ రెండు చేతులూ పట్టుకుని, ఇంకా మాట్లాడు, ఇంకా మాట్లాడు అంది. చివరికి ఇద్దరూ కువైట్ ముసలావిడ గురించీ, హనాన్ వాళ్ళమ్మ గురించీ, చలి గురించీ, జర్మన్ భాష ఎంత కష్టమో దాని గురించీ గడగడా మాట్లాడేసుకుంటుంటే వసుంధర గారు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ కూర్చున్నారు.

"నీకింత భాష వచ్చని ఏడేళ్ళలో ఒక్కసారి చెప్పలేదేమే?"

"మీరడగలేదండి. మనింట్లో ఎవరితో మాటాడతాను?"

హనాన్ ఒక గిన్నెలో వేడివేడిగా పప్పు సూప్ తెచ్చింది. నిమ్మకాయ పిండి, జీలకర్ర చల్లింది. వసుంధర గారు ఒక చెంచా నోట్లో పోసుకుని, "ఇది మన పప్పుచారే!" అన్నారు. గిన్నె ఖాళీ అయ్యేదాకా మళ్ళీ మాట్లాడలేదు.

ఫోను వెలిగింది. కౌశిక్ నుంచి పదిహేడు మిస్డ్ కాల్స్. బాలనాగమ్మ తిరిగి చేసింది. అతను రైల్లో ఉన్నాడు.

"ఎక్కడున్నారండీ? రెండు గంటల్నించి చేస్తున్నాను! అమ్మకి ఏమైంది?"

"పెద్దమ్మగారు పప్పుచారు తాగుతున్నారండి. రెండోసారి పోయించుకున్నారు."

అతని గొంతు తగ్గింది. "మీరు దారి తప్పారా?"

"దారి తప్పలేదు బాబుగారూ. ఆఖరి స్టాపులో ఉన్నాం. ఫోను సలికి సచ్చిపోద్దని నాకు తెలీలేదు, అది మాత్రం నా తప్పేనండి. మీరు కంగారుపడ్డారు. ఇంకెప్పుడూ అట్టా జరగనియ్యను." ఆ తర్వాత ఫోను వసుంధర గారికి ఇచ్చింది. ఆవిడ కొడుకుతో గుర్రపు బండి గురించి చెప్పడం మొదలుపెట్టారు.

ట్రామ్ ఇంకా రాలేదు. ఖలీల్ కొట్టు భార్యకు అప్పగించి, కూరగాయలు తెచ్చుకునే వ్యానులో ఇద్దర్నీ ఎక్కించుకుని ఇంటి గుమ్మం దగ్గర దింపాడు. దిగేముందు హనాన్ ఫోన్ నంబరు రాసిచ్చాడు.

రాత్రి కౌశిక్ వాళ్ళు వచ్చేసరికి వసుంధర గారు వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. కౌశిక్ లోపలికి కుంటుకుంటూ వచ్చాడు. సరస్సు ఒడ్డున ఫోటో తీస్తూ జారి పడ్డాడట.

"డాడీ టోటలీ ఫెల్ డౌన్, సో ఫన్నీ లా!" అంది సహస్ర.

కౌశిక్ తల్లి పక్కన కూర్చున్నాడు. ఏదో గట్టిగా అందామనే వచ్చినట్టున్నాడు. ఆవిడ అతని మోకాలు నిమిరారు. "మూడు రోజులు నన్ను కాపాడావురా. నేను కాదన్ను. కానీ ఇవాళ నేను ఊరు చూశాను" అన్నారు. అతను తలొంచుకుని, "సారీ అమ్మా. నాకు భయమేసింది" అన్నాడు. కాసేపయ్యాక వంటగది గుమ్మంలోకి వచ్చి, ఆ ముళ్ళ తొడుగులు ఎక్కడ దొరుకుతాయని అడిగాడు.

సోమవారం పొద్దున బాలనాగమ్మే అందర్నీ ఆ కొట్టుకి తీసుకెళ్ళింది. అక్కణ్ణించి ఐదుగురూ కలిసి రాజుల వేసవి భవనం చూడ్డానికి వెళ్ళారు. మిగిలిన నాలుగు రోజులూ ఆ కిటికీ దగ్గర కుర్చీలో ఎవరూ కూర్చోలేదు.

సింగపూర్ తిరిగొచ్చిన మొదటి రాత్రి, భోజనాల బల్ల మీద వసుంధర గారు ఐదో కంచం పెట్టారు. బాలనాగమ్మ వద్దనలేదు. ఫ్యాను గాలి బాగా తగిలే కుర్చీ చూసుకుని కూర్చుంది.

హనాన్ వారానికోసారి గొంతు రికార్డు చేసి పంపుతుంది, బాలనాగమ్మ అలాగే జవాబిస్తుంది. కానీ మధ్యమధ్య హనాన్ రాసి పంపిన సందేశాలు మాత్రం ఆమె చదవలేకపోయేది. ఫోను చేత్తో పట్టుకుని తిరిగి తిరిగి, చివరికి ఏడో అంతస్తులో ఉండే మలయ్ ఆవిడ రొహానా తలుపు కొట్టింది. ఖురాను కోసం చిన్నప్పట్నించీ అరబ్బీ అక్షరాలు చదివే మనిషి, మాట్లాడడం మాత్రం రాదు. నువ్వు నాకు అక్షరం చెప్పు, నేను నీకు మాట చెబుతాను అని ఒప్పందం చేసుకున్నారు.

మొన్న నేను కూరలు తెచ్చుకుని వస్తుంటే, బ్లాకు కింద రాతి బల్ల దగ్గర ఇద్దరూ నోటుపుస్తకం మీదికి వంగి కనిపించారు. బాలనాగమ్మ కుడి నుంచి ఎడమకు, మెల్లగా, ఒత్తి రాస్తోంది. ఎంతదాకా వచ్చిందని అడిగాను.

"పద్దెనిమిదచ్చరాలు అయ్యాయండి. ఇంకా పదున్నాయి" అంది తలెత్తకుండానే. "జూన్‌కల్లా అయిపోతాయి."